గిల్బర్టు దొర తాతల జాబితా

అనగనగా ఒక ఊళ్ళో కాదు తల్లీ, ఏకంగా ఇంగ్లీషు దేశంలో, గిల్బర్టు అని ఒక రాజకుమారుడు ఉండేవాడు. ఆ పేర్లకి నా నోరు తిరగదు. మీ తాతయ్య పెద్దనాన్న కొడుకునే గుర్తుపట్టలేక, ఇవాళ పాలెందుకు ఆలస్యమయ్యాయని గుమ్మంలో నిలబెట్టి కడిగేసినదాన్ని. నన్ను పట్టుకుని రాజుల చుట్టరికాలు చెప్పమంటే ఎలా? సర్లే, ఊఁ కొట్టు.

గిల్బర్టుకి ముప్ఫై ఏళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. పెళ్ళి కాకపోతే కిరీటం పెట్టేది లేదని పెద్దలు తేల్చేశారు. అక్కడేమో నాలుగు తరాల లోపు ఏ చుట్టరికం ఉన్నా పెళ్ళి కుదరదట. అందుకని ముందు చర్చిలో అందరి ఎదుటా ఫాదరుగారు, గొర్రెతోలు మీద రాసిన పెళ్ళికొడుకు వంశం పేర్లు పైనించి చదవాలి. చుట్టరికం ఎక్కడ తగిలితే అక్కడ ఆపెయ్యాలి.

మొదట మేనమామ కూతుర్ని చూశారు. మనకైతే వెతికి మరీ చేసుకునే సంబంధం. అక్కడ మూడో పేరుకే తోలు చుట్టేశారు. అవునే, మేనమామ కూతురే. కూడదంటే కూడదు. వాళ్ళ పద్ధతి వాళ్ళది, నన్నడిగితే నేనేం చెయ్యను?

అప్పుడు పక్క కోట దొర కూతుర్ని చూశారు. ఫాదరుగారు మొదటి పేరు చదివారో లేదో, పిల్ల బామ్మ లేచి, ఆయన మా తాతగారేనంది. మళ్ళీ చుట్టేశారు. అందరూ వాళ్ళలో వాళ్ళే పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటే ఇంకెవరు మిగుల్తారు?

ఆ తర్వాత గిల్బర్టు విసిగిపోయి, ఉన్ని వర్తకుడి కూతురు సిసిలీని అడిగాడు. ఆ పిల్లకీ అతనంటే ఇష్టమే. ఈసారి ఏ చుట్టరికమూ తగల్లేదు. తగలకపోయేసరికి తోలు కొసదాకా చదవాల్సొచ్చింది. అదే కొంప ముంచింది. రాసిన మహానుభావుడు ప్రతి పేరు పక్కనా వాళ్ళ ఘనకార్యం కూడా రాసిపెట్టాడు మరి. ముత్తాత, అన్నని ఏట్లో తోయించాడు. తాత, పెళ్ళాన్ని కోటలో పెట్టి తాళం వేయించాడు. తండ్రి, మేనల్లుణ్ణి దేశం దాటించాడు. చిట్టచివర గిల్బర్టు. కిరీటానికి అడ్డొస్తాడని తమ్ముణ్ణి బురుజులో పెట్టి మూడేళ్ళయింది.

సిసిలీ తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. సిసిలీ కదల్లేదు.

"మీ తాతల్ని నేనెలాగూ దిద్దలేను. ఆ చివర మీ పేరు పక్కనున్నదైనా చెరిపించుకుని రండి," అంది.

గిల్బర్టు తాళంచెవి తీసుకుని, బురుజు మెట్లన్నీ తనే ఎక్కి, తలుపు తీశాడు. తమ్ముడు గడ్డం గోక్కుంటూ బయటికొచ్చి, ఇవాళే ఎందుకు గుర్తొచ్చానని అడిగాడు. పెళ్ళి కుదిరిందని, నువ్వు రాకపోతే జరగదని గిల్బర్టు నసిగాడు.

"ఈ సంబంధమేదో మూడేళ్ళ కిందటే చూసుకోకూడదా అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

పెళ్ళయిపోయింది. తమ్ముడి పేరా? నాకేం తెలుసే. కళ్ళు మూసుకో.

కథ వెళ్ళె కంచికి, తమ్ముడొచ్చె ఇంటికి,
నిద్దరేమో రాదాయె మా చంటిదాని కంటికి.