పాలపిట్ట చెవిలో మాట

అనగనగా, వీధి వీధినా ఉప్పుగాలి తిరిగే ఒక రేవు పట్నం. అక్కడ నాంచారమ్మ అనే చిత్రకారిణి ఉండేది. వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసేది.

ఆమెకొక పద్ధతి ఉండేది. బొమ్మంతా వేసి, కన్ను మాత్రం వేయకుండా ఆగేది. వేయించుకున్నవారిని పిలిచి, "ఈ బొమ్మ ఎక్కడుంటుంది? ఏం చేస్తుంది?" అని అడిగేది. వారు చెప్పింది బొమ్మ చెవిలో చెప్పి, అప్పుడు కన్ను తెరిచేది. దాన్ని ఆ పట్నంలో చెవిమాట అనేవారు.

ఒకనాడు వరహాలయ్య అనే ఓడ వర్తకుడు వచ్చి, తన తెరచాప మీద పాలపిట్టను వేయించుకున్నాడు. పిట్టకు చెవులెక్కడివి అంటారా? ఉన్నాయి లెండి, ఈకల కింద దాక్కుని ఉంటాయి.

"ఎక్కడుంటుందయ్యా?" అని అడిగింది నాంచారమ్మ.

"ఇంకెక్కడ, నా ఓడ తెరచాప మీద!"

"ఏం చేస్తుంది?"

"గాలి తేవాలి."

ఆమె ఆ మాట చెవిలో చెప్పి కన్ను తెరిచింది. "ఈ మాటకే తెరిచానయ్యా. ఇంకో చోటికి కావాలంటే మళ్లీ వచ్చి అడగండి" అంది. వరహాలయ్య "సరే సరే" అంటూ అప్పటికే గడప దాటేశాడు.

ఓడ బయలుదేరే వేళకు ఆకు కూడా కదలడం లేదు. తెరచాప ఎత్తారు. పాలపిట్ట రెప్ప వేసింది. నీలి రెక్కలు ఒక్కసారి విదిల్చింది. ఎక్కడినుంచి వచ్చిందో గాలి, ఓడ నీటి మీద జారిపోయింది. ఒడ్డున జాలర్లు బుట్టలు దించి చేతులు జోడించారు. గీసిన నాంచారమ్మ కూడా చేతులు జోడించింది. "నేను గీసింది గీతలే కదా, ఈ ప్రాణం ఎక్కడిది తల్లీ!" అనుకుంది.

వరహాలయ్యకు మాత్రం ఆశ పుట్టింది. ఎవరికీ చెప్పకుండా ఆ పిట్టను చెక్క మీద అచ్చుగా చెక్కించాడు. అచ్చులో కన్ను ముందే తెరిచి ఉంది. ఎక్కడుంటుందని ఎవరూ అడగలేదు, చెవిలో ఎవరూ చెప్పలేదు.

మొదట తన బియ్యం బస్తాల మీద అచ్చు వేయించాడు. పిట్టలు మరకల్లా పడి ఉన్నాయి. "బస్తాలకు గాలెందుకులే" అని సర్దుకున్నాడు.

తర్వాత విసనకర్రల మీద వేయించి అమ్మాడు. కొన్నవారికి చేతులు నొప్పి పుట్టాయి గానీ, వచ్చింది మామూలు గాలే.

మూడోసారి తెరచాపల మీద వేయించి తోటి వర్తకులకు అమ్మాడు. వాళ్ల ఓడలు నడిసముద్రంలో నిలిచిపోయాయి. పిట్టలు రెప్పైనా వేయలేదు. నావికులు అరచేతులు బొబ్బలెక్కేలా తెడ్లు వేసి ఒడ్డున పడ్డారు. నేరుగా రాజు దగ్గరికి పరుగెత్తారు.

"నాంచారమ్మ పిట్టలు ఉత్త మోసం ప్రభూ!"

రాజుకు కోపం వచ్చింది. "ఆమె కలం విరిచి, పట్నం దాటించండి" అన్నాడు.

నాంచారమ్మ కలాన్ని గుండెకు హత్తుకుంది. "ప్రభూ, ఇది మా అమ్మ చేతి కలం. విరిచే ముందు ఆ పాలపిట్టనే ఒక్క మాట అడగండి" అని వేడుకుంది.

రాజు రేవుకు వచ్చాడు. వరహాలయ్య ముందుకొచ్చి, "గుడ్డ నాది, బొమ్మ నాది. నా బొమ్మను నేను ఎన్ని అచ్చులు వేసుకుంటే ఎవరికేం ప్రభూ? పస లేనిది ఆమె పనిలోనే" అన్నాడు.

రాజు వరహాలయ్య ఓడ తెరచాప వైపు చూసి, "పాలపిట్టా, నువ్వు ఎవరిదానివి?" అని అడిగాడు.

పిట్ట మెడ తిప్పింది.

"ఈ తెరచాప మీద నేను వరహాలయ్యదాన్నే ప్రభూ. చెప్పిన పని చేస్తూనే ఉన్నాను. కానీ నా గీత నాంచారమ్మది. ఆ అచ్చు పిట్టలకు నా రూపం ఉంది, చెవిమాట లేదు. ఎందుకు పుట్టాయో తెలియక అలా చూస్తున్నాయి పాపం" అంది.

రాజు వర్తకుడి వైపు తిరిగి అన్నాడు: "వరహాలయ్యా, పెళ్లికి పిలిచి సన్నాయి వాయించుకుంటాం. అంతమాత్రాన సన్నాయి మనింట్లో ఉండిపోతుందా?"

వరహాలయ్య తల దించుకున్నాడు. అచ్చు తెచ్చి నాంచారమ్మ చేతిలో పెట్టాడు. "తప్పయిపోయిందమ్మా. ఈ తెరచాపల మీద నీ పిట్టను ఉండనిస్తావా?" అని అందరి ముందూ అడిగాడు.

"ఈ మాట ముందే అడిగితే కాదనేదాన్నా అయ్యా?" అంది నాంచారమ్మ.

ఒక్కో తెరచాప దగ్గరికీ వెళ్లి, ఒక్కో పిట్ట చెవిలో మాట చెప్పింది. చివరి పిట్ట వినగానే అన్నీ ఒక్కసారి రెప్ప వేశాయి. రేవు నిండా నీలి రెక్కలు! ఇసుక లేచింది. తలపాగాలు ఎగిరిపోయాయి, రాజుగారిది కూడా. దాని వెంట పరుగెత్తాలని ఎవరికీ తోచలేదు. ఓడలన్నీ ఒకేసారి కదులుతుంటే అందరూ కళ్లప్పగించి నిలబడ్డారు.

అప్పుడు రాజు, చెదిరిన జుట్టుతోనే, మెల్లగా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మా కోట జెండాకు కూడా ఒక పిట్ట..."

నాంచారమ్మ కలం చేతిలోకి తీసుకుంది. "ఎక్కడుంటుంది ప్రభూ? ఏం చేస్తుంది?"

రాజు కూడా అందరిలాగే నిలబడి జవాబు చెప్పాడు.

కథ ఒడ్డు చేరింది, నీతి మీ చేతికొచ్చింది: బొమ్మ మనదైనంత మాత్రాన గీసినవారి గీత మనది కాదు, ఒక పనికి తీసుకున్నదాన్ని ఇంకో పనికి వాడాలంటే మళ్లీ అడగాలి.