జడలమ్మ ఇంటి అడుగు దుంగ

అనగనగా ఒక అడవిలో, ఉదయం ఆరుంపావుకి, జడలమ్మ అనే ఎలుగుబంటి తన ఇంటి గుమ్మానికి వీపు రుద్దుకుంటోంది. దుంగ మీద దుంగ పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తి కట్టిన ఇల్లు అది. లోపల ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. తొలకరి దగ్గర పడింది. పిల్లలకి అదే మొదటి వాన. వాళ్లు తడవకూడదు. జడలమ్మ బెంగ అదొక్కటే.

అందుకే వడ్రంగిపిట్టని పిలిపించింది. ఆ అడవిలో దుంగల ఇళ్లు చూసిపెట్టేది అదే. కూలి అడగదు. దుంగలో దొరికిన పురుగులు తింటుంది.

పిట్ట తూర్పు గోడ మీద కొట్టింది. టక్ టక్. "గట్టిగా ఉంది."

గుమ్మం మీద కొట్టింది. టక్ టక్. "ఇదీ గట్టిదే."

వెనక గోడ అడుగు దుంగ మీద కొట్టింది. బొద్ బొద్.

"అక్కా, ఇది పుచ్చిపోయింది. నేల చెమ్మ ఎక్కింది. గోడని ఎత్తి కర్రలు ఆనించి, ఈ దుంగ తీసేసి కొత్తది వేయాలి. కింద రాళ్లు పరవాలి. నాలుగు రోజులు బయట పడుకోండి."

"పురుగులున్నాయా?" అంది జడలమ్మ.

"బోలెడు."

"తినేదెవరు?"

"నేనే."

"మరి ఉన్నాయని నువ్వంటే నేనెలా నమ్మను?"

"తూర్పు గోడ గట్టిదన్నాను కదక్కా. ఖాళీ కడుపుతో అన్నాను."

"అది నన్ను నమ్మించడానికి."

ఆ వాదన పిట్టకీ బాగానే ఉందనిపించింది. "సరే, నా మాట వద్దు. నీకు గోళ్లున్నాయి. ఒకటి గుచ్చి చూసుకో."

జడలమ్మ గోరు ఎత్తింది. దారిన పోతున్న ముంగిస "అయ్యయ్యో, అమ్మగారూ!" అని అరిచింది. "అంత అందమైన దుంగకి చిల్లు పెడతారా? నేను లక్క పూస్తాను. మధ్యాహ్నానికి అందులో మీ మొహం చూసుకోవచ్చు. కుండెడు తేనె ఇప్పించండి, చాలు."

జడలమ్మ గోరు దించింది. పురుగులు తినే పిట్టని అన్ని ప్రశ్నలు వేసింది కానీ, తేనె అడిగిన ముంగిసని ఒక్కటీ వేయలేదు.

మధ్యాహ్నానికి గోడ నిగనిగలాడింది. జడలమ్మ అందులో మొహం చూసుకుని సంతోషించింది. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మాత్రం మూసుకుపోయింది. దుంగ ఇంకా త్వరగా కుళ్లసాగింది.

ఒక రాత్రి తొలకరి పడింది. ఇల్లు కిర్రుమంది. కప్పు ఒక పక్కకి ఒరిగింది.

"అమ్మా, తలుపు రావట్లేదు!" అన్నారు పిల్లలు.

జడలమ్మ పిల్లల్ని వీపు మీదికి ఎక్కించుకుంది. తలుపుని తోసింది. కదల్లేదు. తూర్పు గోడని గుద్దింది. అదీ కదల్లేదు. పిట్ట చెప్పినట్టే చాలా గట్టి గోడ. చివరికి అడుగు దుంగని తన్నింది. కాలు తడిపిండిలోకి దిగినట్టు దిగబడిపోయింది. ఆ కుళ్లులోంచే ముగ్గురూ పాక్కుంటూ బయటపడ్డారు. వెనకాల ఇల్లు తాపీగా కూలబడింది.

తెల్లారేసరికి వడ్రంగిపిట్ట ఆ దుంగ మీద కూర్చుని ఉంది. పిల్లలు వానలో ముడుచుకుని తుమ్ముతున్నారు.

"ఏదో ఒకటి అను," అంది జడలమ్మ. "అంటావని తెలుసు."

"అనడానికి నోరు ఖాళీ లేదక్కా," అంది పిట్ట.

జడలమ్మ తేనె వెనక్కి అడుగుదామని ముంగిస కోసం వెతికింది. కొన్ని రోజులకి ఆచూకీ దొరికింది. ముంగిస ఉండేది కొండ మీద, రాతిబండ కింద. దుంగల ఇంట్లో అది ఒక్క రాత్రి కూడా పడుకోలేదట.

నీతి: లోపం చెప్పినవాడికి లాభం ఉందా అని అడగడం తప్పు కాదు, లోపం ఉందో లేదో చూసుకోకపోవడం తప్పు.