ఆరో రోజు పెట్టిన పూస

"ఉగాదికల్లా మందు మీ అక్క చేతిలో ఉంటుంది. నాదీ పూచీ."

పెద్దాసుపత్రి సూపరింటెండెంటు నాతో అన్న మాట ఇది. ఉగాది పోయింది. దసరా పోయింది. మా అక్క సుంకమ్మ చిన్నమెదడులో కణితి మాత్రం ఆగలేదు. నవంబరు దాటేలోపల మందు పడకపోతే అది వెన్నులోకి దిగుతుందనీ, ఆపైన వేసినా లాభం లేదనీ డాక్టరమ్మ చెప్పింది.

సూపరింటెండెంటుకు తొమ్మిది పేజీల ఉత్తరం రాశాను. 'వైద్యం భిక్ష కాదు, హక్కు' అని మొదలుపెట్టి దోపిడీ, రాజ్యం, ప్రజల తీర్పు, అన్నీ పెట్టాను. నాకు పిండశాస్త్రం నేర్పే రహమతుల్లా సార్‌కు చూపించాను.

ఆయన చివరిదాకా చదివి కళ్లద్దాలు తీశాడు.

"బాగా మండినావు ఓబులేసూ. మీ అక్క పేరు ఎక్కడుంది?"

"ఏడో పేజీలో సార్."

"ఆ గుడ్లు తీసుకురా."

ఒకేరోజు పొదగేసిన రెండు కోడిగుడ్లు. ప్రోటీన్‌లో నానబెట్టిన ఇసుకరేణువంత పూసను, పెంకుకు కిటికీ కోసి, పిండంలో రెక్కగా మారబోయే మొగ్గలో పెట్టడం నా పని. ఏ వేలు ఎక్కడ మొలవాలో కణాలకు చెప్పేది ఆ ప్రోటీనే. అక్క తలలో వేళకాని వేళ కణాలను పెరగమంటున్నదీ అదే.

మొదటి గుడ్డుకు నాలుగో రోజున పెట్టాను. రెండోదానికి ఆరో రోజున. మధ్యలో రెండు రోజులూ ఆసుపత్రి ముందు ధర్నాకు పోయాను.

"అక్కడ మా అక్క ముద్ద మింగలేకపోతోంది. ఇప్పుడు గుడ్లెందుకు సార్?"

"తెరువు."

మొదటిది తెరిచాను. మూడు వేళ్లుండాల్సిన రెక్కకు ఆరున్నాయి.

రెండోది తెరిచాను. మూడే. ఎవరూ ఏమీ చెప్పనట్టు.

"దీనికి ఇంకో పూస పెట్టాల్సింది," అన్నాను.

"పది పెట్టు అబ్బీ. దానికి వినే రోజులు అయిపోయినాయి."

చాలాసేపు ఆ మూడు వేళ్లనే చూశాను. తర్వాత గోడమీది క్యాలెండరు చూశాను. నవంబరు పంతొమ్మిది.

తొమ్మిది పేజీలూ పెంకుల బుట్టలో వేసి, కొత్త కాగితం తీసుకున్నాను.

"సుంకమ్మ, ముప్పైరెండేళ్లు, నాలుగో వార్డు, పదకొండో మంచం. మందు ఇస్తారా, ఇవ్వరా? నవంబరు 24 లోపు చెప్పండి."