వంకలో గీసిన దారి

"తప్పు పటం గీసినవాడు మళ్ళీ పిల్లలకు పటం నేర్పొచ్చునా సార్?" అని ఓబులేసు అడిగాడు. అడిగింది ఫకృద్దీన్ సార్‌ను. అడిగిన చోటు మా ఇంటి వరండా. నా వైపు చూడలేదు.

ఓబులేసు మా హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాడు. నేను లెక్కలు. ఫకృద్దీన్ సార్ సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు పటాలు గీసి రిటైరైన మనిషి. ఆదివారాలు టౌన్లో మాలాంటి టీచర్లను కూర్చోబెట్టి కంప్యూటర్లో పటం గీయడం నేర్పుతారు. ఎవరు ఎంత తడబడినా మౌస్ తన చేతికి తీసుకోరు. చేతులు వెనక్కి కట్టుకుని, "ఊఁ, తర్వాత?" అంటారు. అడుగున ఆకాశం నుంచి తీసిన ఫొటో పరచాలి. దాని మీద, అద్దం కాగితాలు పేర్చినట్టు, లేయర్లు వేసుకోవాలి. బడి, బావి, బస్టాపు ఒకదాంట్లో చుక్కలుగా. దారులు, కాలువలు ఇంకోదాంట్లో గీతలుగా. ఏ లేయరు కనబడాలంటే దానికి టిక్కు పెట్టాలి, వద్దనుకుంటే తీసేయాలి. మొదట నేర్చుకోవలసింది ఇంతే. ఓబులేసు నాలుగు వారాల్లో నేర్చుకున్నాడు. నేను ఇంకా రెండో వారం పాఠంలోనే ఉన్నాను.

మా పిల్లలకు పటం అంటే పరీక్షలో నదులకు రంగు వేసే కాగితం. తమ ఊరు కూడా పటంలో ఉంటుందని వాళ్ళకు తెలియదు. అందుకని జూలైలో ఓబులేసు బడి చుట్టూ ఐదు కిలోమీటర్ల పటం గీసి తరగతిలోకి తెచ్చాడు. గుడ్డ కప్పి మూలన పెట్టిన రెండు కంప్యూటర్లను బయటికి తీయించాడు. ఏడో తరగతికి ఒక పని ఇచ్చాడు: మీ ఇంటి నుంచి బడికి దగ్గర దారి ఏది, ఎంత దూరం, కంప్యూటర్లో కొలిచి రాయండి. మేముండే పల్లె నుంచి బడికి రోడ్డు మీద రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు. పటంలో ఇంకో దారి కూడా ఉంది. కొండ కింది నుంచి తెల్లగా ఒక గీత. కిలోమీటరు మూడు వందలు. మా అమ్మాయి వైదేహి ఆ రెండో దారి రాసింది. ఎంత కలిసొస్తుందో కూడా రాసింది. పదికి పది వచ్చాయి. ఇంట్లో సంతకం చేయించుకు రమ్మంటే నేనే చేశాను. తీసివేత చూశాను. సరిగ్గానే ఉంది.

ఆ గీత దారి కాదు. వంక. ఫొటో ఏప్రిల్‌లో తీసింది. ఏప్రిల్‌లో వంకలో నీళ్ళుండవు, తెల్లటి ఇసుక ఉంటుంది, ఇసుకలో బండ్ల జాడలుంటాయి. ఎండాకాలమంతా ఇక్కడివాళ్ళు బండ్లు అందులోనే తోలుతారు. పై నుంచి చూస్తే అది బండిబాటే. ఓబులేసు రోజూ టౌను నుంచి బస్సులో వచ్చిపోతాడు. మేము బదిలీ మీద జూన్‌లో వచ్చి, బడి ఉన్న ఊళ్ళో ఇల్లు దొరక్క పక్క పల్లెలో అద్దెకు దిగినవాళ్ళం. ఆయనకూ వంక తెలియదు, మాకూ తెలియదు.

వైదేహి రోజూ నా స్కూటీ మీదే వచ్చేది, పోయేది. సెప్టెంబరులో ఒకరోజు పేపర్లు దిద్దుతూ నేను ఉండిపోయాను. నువ్వు ముందు పోమ్మా అన్నాను. బడి దగ్గర చినుకు లేదు. పైన కొండల్లో కురిసింది. పిల్ల తను రాసిన దగ్గర దారే పట్టి, సగంలో ఉండగా నీళ్ళొచ్చాయి. గట్టుకు కాస్త దూరంలో ఒక బండ ఉంటే దాని మీదికెక్కి గంటన్నర నిలబడింది. గొర్రెలు తోలుకొస్తున్న గంగన్న చూసి, కొమ్మలు వంచడానికి తెచ్చుకున్న దోటి చాచి, దాన్ని పట్టుకోమని గట్టుకు లాగాడు. పుస్తకాల సంచి పోయింది. పిల్ల దక్కింది. ఎనిమిది రోజులు బడికి పోలేదు.

తొమ్మిదో రోజు పొద్దున ఏడింటికి ఓబులేసు వచ్చాడు. వెంట ఫకృద్దీన్ సార్. ఓబులేసు చేతిలో హెడ్మాస్టరుకు రాసిన కాగితం ఉంది. పటాల తరగతి ఇకమీదట నేను చెప్పలేను, వేరే ఎవరికైనా అప్పగించండి అని. వేరే ఎవరూ లేరని ఆయనకూ తెలుసు. ఆయన మానేస్తే ఆ రెండు కంప్యూటర్లూ మళ్ళీ గుడ్డ కప్పుకుంటాయి. కాగితం నాకిచ్చి చదవమన్నాడు. చదివాను. సరేనని ఒక్క మాట అంటే తీసుకుపోయి ఇచ్చేసేవాడే. నేను మడిచి తిరిగిచ్చాను. అప్పుడు, సార్ వైపు తిరిగి ఆ ప్రశ్న అడిగాడు.

సార్, "ల్యాప్‌టాప్ తెరువు," అన్నారు. తెరిచాడు. "ఆ గీతను ఏం చేసినావు?"

"తీసేసినాను సార్. తెలిసిన రోజే."

"తీసేసినాక ఆడ ఏముంది?"

"ఏమీ లేదు సార్. ఖాళీ."

"ఖాళీ ఉన్న చోట పిల్లోళ్ళు నడవరా?"

సార్ నాతో, "అమ్మా, ఆ పటం నాకు చూపించినాడు. బాగుంది నాయనా అన్నాను. ఏ నెల ఫొటో అని నేనూ అడగలేదు," అన్నారు. లేచి చెప్పులు వరండా కింద విడిచారు. "గంగన్నను పిలిపించండి. బడి దాకా నడిచి పోతాం, వంకెమ్మట."

గట్టు దాకా వైదేహి కూడా వచ్చింది. దిగలేదు. తను నిలబడిన బండను వేలితో చూపించింది. ఓబులేసు, "దిగేటప్పుడు భయం కాలేదా పాపా?" అన్నాడు.

"లేదు సార్. మీరు పదికి పది వేసినారు కదా."

నిష్ఠూరం కాదు. కారణం చెప్పింది, అంతే. పిల్లను వెంట వచ్చిన వాళ్ళ నాయనకు అప్పగించి నేనూ దిగాను.

నీళ్ళు తీశాయి గానీ అక్కడక్కడా మోకాలి లోతు మడుగులున్నాయి, మిగతా అంతా బురద. ముందు గంగన్న, ఆయన వెనక ఫోను పట్టుకుని ఓబులేసు, ఆ వెనక మేము. వంద అంగలకొకసారి ఆగి పటంలో చుక్క పెట్టాలి. చుక్క పెట్టిన ప్రతి చోటా గంగన్నను అడిగి రాసుకోవాలి. సార్ చెప్పింది అంతే.

"ఇక్కడ నీళ్ళు ఎంత వస్తాయి గంగన్నా?"

"ఈడనా? నా రొమ్ములకు. మీకైతే గొంతుకు."

"ఏ నెలలో?"

"నెల యాడిది సారూ. కొండలో కురిస్తే వస్తాది. ఈడ ఎండ కాస్తాంటాది, ఆడ నీళ్ళు బయల్దేరింటాయి." నాలుగడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. "అవున్సారూ, మీ కంప్యూటర్లో నీళ్ళకు రంగు ఉండదా?"

"ఉంటుంది. నీలం."

"మరి వేయకపోతిరే. అయిపోయుండెనా?"

ఫకృద్దీన్ సార్ నవ్వారు. ఓబులేసు తల వంచుకుని రాసుకున్నాడు. ఒక మడుగులో జారి, ఒక చెయ్యి నేలకు ఆన్చి, ఇంకో చేత్తో ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. గంగన్న దోటి అందించాడు. పట్టుకుని లేచాడు.

తొమ్మిదో చుక్క దగ్గర గంగన్న తనంతట తానే మొదలుపెట్టాడు. "మా మనవరాలు రేణుక మీ తరగతే సారూ. అది కూడా ఈ దావే రాసింది. పది మార్కులంట. వీధంతా చూపించుకుని వచ్చింది."

ఓబులేసు ఆగాడు. "ఇది వంక అని రేణుకకు తెలియదా?"

"తెలీకేం. ఈ గట్టు మీదే పుట్టింది. మార్కులకు ఇట్ల రాసింది, ఇంటికి రోడ్డెమ్మట వచ్చింది. వాళ్ళ జట్టు పిల్లోళ్ళంతా అంతే. సారు వంకలో బాట ఏసినాడని ఒకటే నవ్వుకుంటాండ్రి."

"నాకు ఒక్కరూ చెప్పలేదే."

"మీరు అడిగితిరా?" అన్నాడు గంగన్న. ఎగతాళిగా అనలేదు. అడిగాడేమో తెలుసుకుందామన్నట్టే అన్నాడు.

ఆ తరగతిలో మా పల్లె పిల్లలు పద్నాలుగు మంది. పద్నాలుగు మందీ తెల్ల గీతే రాశారు. ఆ గీత మీద ఇంటికి బయలుదేరింది ఒక్కతే, వంక తెలియనిది. వైదేహికైనా ఎందుకు చెప్పలేదే అని తర్వాత రేణుకను అడిగాను. అది స్కూటీ మీద పోతుంది కదా టీచర్ అంది.

ఓబులేసు చేతిలో ఫోను తెర ఆరిపోయింది. మోకాళ్ళ దాకా బురద, దాని మీద ఇంకో పొర ఆరుతోంది. "నడువు," అన్నారు సార్. "ఇంకా సగం ఉంది." నడిచాడు. ఆ తర్వాత గంగన్నను అడగడం మారింది. ఎంత లోతు, ఏ నెల అని అడగడం మానేసి, "ఇక్కడ ఇంకేముంది గంగన్నా?" అని అడిగాడు. గంగన్న చెబుతూ పోయాడు. గొర్రెలు ఎక్కడ దాటుతాయో, ఎక్కడ దాటమన్నా దాటవో, ఏ మలుపులో నీళ్ళ సద్దు ముందుగా వినబడుతుందో. ఓబులేసు రాయలేక, చివరికి ఫోన్లో ఆ మాటలే రికార్డు చేసుకున్నాడు.

బడి వెనక గట్టెక్కేసరికి ప్రార్థన అయిపోయింది. మొదటి పీరియడ్ ఏడో తరగతి, సాంఘికం. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో ఉష్ అన్నారు. ఓబులేసు నేరుగా కుళాయి దగ్గరికి పోయాడు. జేబులోని కాగితం సగం తడిసింది. దాన్ని తీశాడు. చింపలేదు. ఆఫీసు గది వైపూ పోలేదు. గోడ మీద పెట్టి, కుళాయి తిప్పబోయి ఆగాడు.

"నేనడిగినదానికి మీరు చెప్పలేదు సార్," అన్నాడు.

ఫకృద్దీన్ సార్ కిటికీల వైపు చూశారు. తర్వాత ఓబులేసు పాదాల వైపు చూశారు.

"కాళ్ళు కడగబాకు," అన్నారు. "అట్లనే పో లోపలికి."