మెయిను దించినా ఆగని మీటరు

అనగనగా ఒక ఊళ్ళో, ఊళ్ళో అంటే కాలవ దాటాక బస్సు మలుపు తిరిగే చోట, రెండు వాటాల డాబా ఒకటి ఉండేదమ్మా. పై వాటాలో ఇంటావిడ సీతారత్నం గారు ఉండేది. కింది వాటాలో సత్యవేణి, ఆవిడ కూతురు వరాలు అద్దెకుండేవాళ్ళు. వరాలంటే నీ అంతదే, పదేళ్ళది. రెండు జడలు, ఒక్కచోట కుదురుండని కాళ్ళు. వాళ్ళ నాన్న లారీ నడిపేవాడు. ఇరవై రోజులకోసారి ఇంటికొచ్చేవాడు.

సత్యవేణి జాకెట్లు కుట్టేది. తొక్కుడు మిషను తొక్కీ తొక్కీ మోకాలు గుమ్మడికాయలా వాచిపోయేది. అందుకని పైసా పైసా కూడబెట్టి మిషనుకి చిన్న మోటారు బిగించుకుంది. అది వచ్చాక రోజుకి రెండు జాకెట్లు కుట్టే మనిషి నాలుగు కుట్టేది, పాటలు పాడుకుంటూ కుట్టేది.

అప్పుడు ఏమైందంటే, కార్తీకమాసంలో కరెంటు బిల్లొచ్చింది. ఎప్పుడూ ఐదు వందలు దాటని బిల్లు పన్నెండు వందలైంది! సత్యవేణి ఆ చీటీని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"బాబూ, ఇది మాదేనా?"

"మీదేనమ్మా. కింది వాటా" అనేసి, మీటరు చూసే అబ్బాయి బండెక్కి వెళ్ళిపోయాడు.

పైనుంచి సీతారత్నం గారు పిట్టగోడ మీద మోచేతులాన్చి అంతా వింటోంది. "మోటారు పెట్టి మిషను తిప్పుతుంటే బిల్లు రాక ఏమొస్తుందే సత్యవేణీ? నన్ను చూడు. దసరాకి గీజరు పెట్టించుకున్నాను. రోజూ వేణ్ణీళ్ళే పోసుకుంటున్నాను. అయినా నా బిల్లు పిసరంత పెరగలేదు. వాడుకోవడం తెలియాలమ్మా, వాడుకోవడం!" అంది.

సత్యవేణికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచీ తల్లీకూతుళ్ళు పొదుపు మొదలుపెట్టారు. ముందు పాత గుండ్రటి బల్బులు మూడూ తీసేసి, తక్కువ తినే తెల్ల బల్బులు పెట్టారు. ఆ తర్వాత ఫ్రిజ్జుని గోడ నుంచి జానెడు ముందుకి జరిపారు. దాని తలుపు రబ్బరులో నల్లగా పేరుకున్న మురికిని వరాలు పాత బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగింది. తలుపులో కాగితం పెట్టి లాగి చూసింది. జారలేదు! "అమ్మా, గట్టిగా పట్టిందే!" అని గంతేసింది. ఇంకా ఆ తర్వాత, రోజుకో జత ఇస్త్రీ చేసుకోవడం మానేసి, వారానికి సరిపడా బట్టలు ఆదివారం ఒక్కసారే చేసుకున్నారు. గదిలోంచి మనిషి బయటికొస్తే చాలు, వరాలు వెనకాలే పరిగెత్తుకెళ్ళి ఫ్యాను ఆపేసేది.

అలా నెల గడిచింది. మార్గశిరంలో మళ్ళీ బిల్లొచ్చింది. ఎంతొచ్చిందనుకున్నావు?

తగ్గలేదు బంగారం. పెరిగింది! పదిహేను వందలు!

ఈసారి సీతారత్నం గారు పైనుంచి మాట్లాడలేదు. మెట్లు దిగే వచ్చింది. "చూడమ్మా, ఇలా లాగితే నా ఇంట్లో వైర్లు మాడిపోతాయి. నెలాఖరు దాకా చూస్తాను. ఆ మోటారన్నా తీసెయ్యి, లేదంటే వాటా అన్నా ఖాళీ చెయ్యి" అని చెప్పి వెళ్ళిపోయింది.

మాఘమాసం పెళ్ళిళ్ళు దగ్గరికొస్తున్నాయి. సత్యవేణి దగ్గర ముప్ఫై జాకెట్ల గుడ్డలున్నాయి. ఇప్పుడు ఇల్లు మారితే కుట్టేదెప్పుడు, ఇచ్చేదెప్పుడు? ఆవిడ స్టూలు మీద కూచుని మోటారు విప్పేసింది. పాత గుడ్డలో మూటకట్టి మంచం కిందికి తోసేసింది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం ఆవిడ మోకాలికి నూనె రాసుకుంటుంటే వరాలు చూసింది.

"అమ్మా, మనం ఇన్ని ఆపేశాం కదా. మరి కరెంటు ఎవరు తింటున్నారే?" అంది.

"ఏమోనే తల్లీ. మన తలరాత తింటోంది" అంది సత్యవేణి.

వరాలుకి ఆ మాట నచ్చలేదు. తలరాత ఎక్కడన్నా కరెంటు తింటుందా?

మర్నాడు బడికి వెళ్తుంటే వీధి స్తంభం దగ్గర లైన్మన్ గవర్రాజు కనిపించాడు. నిచ్చెన దిగి టీ తాగుతున్నాడు. వరాలు వెళ్ళి అతని ముందు నిలబడి అడిగేసింది.

"బాబాయ్, ఇంట్లో ఎవరూ వాడకుండానే మీటరు తిరుగుతుందా?"

గవర్రాజు నవ్వాడు. "తిరగదే. మీటరు మీద చిన్న ఎర్రలైటు ఉంటుంది, చూశావా? కరెంటు వాడితే అది కొట్టుకుంటుంది. ఎక్కువ వాడితే గబగబా కొట్టుకుంటుంది. మీ అమ్మ చేత మెయిను దింపించు. నువ్వు చెయ్యి పెట్టకు సుమా! మెయిను దించితే లైటు ఆగిపోవాలి. ఆగలేదనుకో, అప్పుడు నాకు కబురు పెట్టు" అన్నాడు.

అంతే! వరాలు కళ్ళు మెరిశాయి. ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పట్టుకుని మీటరు ముందు కాపు కాసింది. రెండు వాటాల మీటర్లూ మెట్ల కింద గోడకి పక్కపక్కనే ఉండేవి. పొద్దున్న బడికి వెళ్ళేముందు తమ మీటరు అంకె రాసుకునేది. బడి నుంచి రాగానే రాసుకునేది. పడుకునే ముందు రాసుకునేది. నాలుగు రోజులయ్యాక పుస్తకం తెరిచి చూసుకుంటే ఏముంది? పగలంతా అంకె నత్తలా కదిలింది. పడుకున్నప్పటి నుంచి పొద్దున్న దాకా మాత్రం గుర్రంలా పరిగెత్తింది!

"అమ్మా! మనం నిద్రపోతుంటే ఎవరో తినేస్తున్నారే!" అని అరిచింది.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక సత్యవేణి మెయిను దించింది. వరాలు మీటరు ముందు గొంతుక్కూచుంది. ఎర్రలైటు ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కొట్టుకోలేదు. వరాలు మొహం చిన్నబోయింది.

సాయంత్రం దీపాలవేళ మళ్ళీ దించారు. మళ్ళీ ఆగిపోయింది. "ఇంక చాల్లేవే, ఫ్రిజ్జులో పాలు విరిగిపోతాయి" అంది సత్యవేణి.

"ఒక్కసారమ్మా. ఇంకొక్కసారి. రేపు తెల్లారగట్ట" అని గడ్డం పట్టుకుంది వరాలు.

మర్నాడు కోడి కూసింది. వీధిలో పాలబండి గంట వినపడింది. చలిలో దుప్పటి కప్పుకుని తల్లీకూతుళ్ళు మెట్ల కిందికి వచ్చారు. సత్యవేణి మెయిను దించింది. ఇల్లంతా చీకటైపోయింది. ఫ్రిజ్జు కూడా గుర్రుమనడం మానేసింది. అప్పుడు వరాలు మీటరు వైపు చూసింది.

ఎర్రలైటు కొట్టుకుంటోంది! టిక్కు టిక్కు టిక్కు టిక్కుమని, గుండె దడదడలాడినట్టు కొట్టుకుంటోంది!

"అమ్మా! చూడు! చూడవే! మెయిను దించినా పరిగెడుతోంది!"

సత్యవేణి గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓరి నాయనో, దెయ్యమేమిటే!" అంది.

అప్పుడే పై వాటాలో బకెట్టులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడింది. వరాలు తలెత్తి చూసింది. పక్కనున్న పై వాటా మీటరు వైపు చూసింది. ఆ మీటరు మీద లైటు మాత్రం తీరుబడిగా, ఆవులించుకుంటున్నట్టు ఎప్పుడో ఒకసారి వెలుగుతోంది. వరాలుకి ఒళ్ళు ఝల్లుమంది. తల్లి పిలుస్తున్నా వినకుండా రెండేసి మెట్లు ఎక్కేసింది.

"మామ్మగారూ! మామ్మగారూ! మీ గీజరు ఒక్కసారి ఆపండి!"

సీతారత్నం గారు తలుపు తీసింది. భుజాన తువ్వాలు, మొహం నిండా చిరాకు. "పొద్దున్నే ఏమిటే ఈ గోల? నా గీజరుతో నీకేం పని?"

"మీ గీజరు మా మీటరు తిప్పుతోందండీ!"

"బాగుందమ్మా! మీ బిల్లు నా నెత్తిన రుద్దుదామని చూస్తున్నారా తల్లీకూతుళ్ళూ?"

ఆ గోలకి పాలబ్బాయి బండి ఆపాడు. ఎదురింటివాళ్ళు చీపురుతోనే బయటికొచ్చారు. సత్యవేణికి సిగ్గేసింది. "వరాలూ, వచ్చెయ్యవే" అంది. వరాలు రాలేదు. గుమ్మం ముందు నుంచి కదల్లేదు.

"మామ్మగారూ, మూడుసార్లు ఆపి వెయ్యండి చాలు. నాదే తప్పయితే అందరి ముందూ గుంజీలు తీస్తాను. మా అమ్మ వాటా కూడా ఖాళీ చేసేస్తుంది" అంది.

సీతారత్నం గారు ఒక్క క్షణం ఆ పిల్లని చూసి, "సరే, నీ ముచ్చటా తీరుస్తాను" అని లోపలికెళ్ళింది. వరాలు రివ్వున మెట్లు దిగి మీటరు ముందు నిలబడింది. పాలబ్బాయి, ఎదురింటివాళ్ళు, అందరూ వెనకాల మూగారు.

పైన టక్కుమని స్విచ్చి చప్పుడైంది. ఎర్రలైటు ఆగిపోయింది.

"ఆగింది!" అని అరిచింది వరాలు.

మళ్ళీ టక్కుమంది. టిక్కు టిక్కు టిక్కు!

"పరిగెడుతోంది!" అన్నారు ఈసారి నలుగురూ కలిసి.

సీతారత్నం గారు ఆపింది, లైటు ఆగింది. వేసింది, పరిగెత్తింది. ఇంకోసారి ఆపింది. ఆగింది! వీధి వీధంతా "ఆగిందోయ్!" అని కేక పెట్టింది. ఇంక పైనుంచి స్విచ్చి చప్పుడు రాలేదు.

ఎండ ఎక్కాక గవర్రాజు నిచ్చెన వేసుకుని వచ్చాడు. బోర్డు విప్పాడు. టార్చి వేసి చూశాడు. "ఇదిగోనమ్మా, ఈ తెల్ల వైరు. గీజరు బిగించినవాడు పై మీటరుకి కలపాల్సింది కింది మీటరుకి కలిపేశాడు. అదీ మెయినుకి ముందు కలిపాడు. మెయిను దించితే మాత్రం ఎలా ఆగుతుంది? మూడు నెలల్నించీ పైన నీళ్ళు కాగుతుంటే కింద బిల్లు కాగుతోంది" అన్నాడు. "ఈ పిల్ల పట్టుకోకపోతే ఏళ్ళతరబడి కట్టేవాళ్ళే!"

అందరూ సీతారత్నం గారి వైపు చూశారు. ఆవిడ మొహం కందగడ్డ అయిపోయింది. గబగబా పైకెళ్ళి తలుపేసుకుంది.

గవర్రాజు వైరు మార్చి వెళ్ళిపోయాడు. సత్యవేణి మనసు మాత్రం కుదుటపడలేదు. "ఇంటావిడని పదిమందిలో నిలబెట్టాం. ఇంక మనల్ని ఉండనిస్తుందా?" అనుకుంటూ సామాన్లు సర్దడానికి అట్టపెట్టెలు వెతికింది. మధ్యాహ్నమైంది. పైన చప్పుడు లేదు. సాయంత్రమైంది. అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

సీతారత్నం గారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సత్యవేణి గభాల్న లేచింది.

"పిన్నిగారూ, అది చిన్నపిల్ల, ఏమీ అనుకోకండి..."

"నువ్వాగు. ముందు కూచో" అందావిడ. చేతిలో కవరు బల్ల మీద పెట్టింది. "ఎక్కువ కట్టిందంతా ఇందులో ఉంది. అది సరే. నేనన్న మాటలున్నాయే, వాటికి ఏ కవరు ఇవ్వగలను? నీకు పొదుపు పాఠాలు చెప్పాను. నా నీళ్ళు నీ సొమ్ముతో కాచుకుంటూ చెప్పాను." ఆ తర్వాత వంగి, మంచం కింద కనిపిస్తున్న మోటారు మూట తనే పైకి లాగింది. "ఏదీ, బిగించు దీన్ని. నేను చూస్తుండగా బిగించు."

సత్యవేణి కళ్ళు తుడుచుకుని మోటారు బిగించింది. స్విచ్చి వేసింది. మిషను ఝుమ్మని తిరిగింది! వరాలు చప్పట్లు కొట్టింది.

అప్పుడు ఇంకో నెల గడిచింది. బిల్లొచ్చింది. మోటారు తిరుగుతున్నా సరే, ఎప్పుడూ వచ్చే ఐదు వందల కన్నా తక్కువొచ్చింది! వాళ్ళు కడిగిన రబ్బరు, మార్చిన బల్బులు, ఆపిన ఫ్యాన్లు, అన్నీ ఆ నెలలో లెక్కకొచ్చాయి. పై వాటా బిల్లు మాత్రం ఆకాశం ఎక్కింది. సీతారత్నం గారు ఆ చీటీ చూసి, "అమ్మో!" అని గీజరు స్విచ్చి దగ్గరికి పరిగెత్తింది. ఆ పూట నుంచి నీళ్ళు కాగగానే ఆపెయ్యడం అలవాటు చేసుకుంది.

వరాలు సంగతి ఊరంతా పాకిపోయింది. ఎదురింటివాళ్ళు పిలిచారు. పక్కవీధి వాళ్ళు పిలిచారు. కాలవ అవతలి నుంచి కూడా పిలుపొచ్చింది. "మా మీటరు కూడా చూసిపెట్టవే వరాలూ!" అని. ఆదివారం వచ్చిందంటే చాలు, వరాలు నోటుపుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరేది. ఒక ఇంట్లో కారుతున్న కుళాయి వల్ల నీళ్ళ మోటారు రోజుకి నాలుగుసార్లు తిరుగుతోందని కనిపెట్టింది. ఇంకో ఇంట్లో, ఎవరూ వాడని అటక మీద బల్బు ఆరునెలలుగా వెలుగుతూనే ఉందని కనిపెట్టింది.

మరి దానికన్నా ముందు వీధిలో ఎవరు నడిచేవారో తెలుసా? సీతారత్నం గారు! కొంగు నడుముకి దోపుకుని, చెయ్యెత్తి కేకేసేది.

"మెయిన్లు దించండర్రా! మా వరాలు వస్తోంది!"

కథ వెళ్ళింది కంచికి,
మనమొచ్చాం మంచానికి.
ఎర్రలైటు ఆగింది,
ఎక్కువ బిల్లు తగ్గింది.
దీపం ఆర్పు చల్లగా,
కళ్ళు మూయి మెల్లగా!