పాతబెల్లం రంగు గోడ

అనగనగా ఒక ఊళ్ళో గోడలకి రంగులు వేసే నూకరాజు ఉండేవాడట. చెయ్యి తిరిగిన పనివాడే కానీ ఒట్టి కంగారు మనిషి, అచ్చం నీలాగే.

ఒకరోజు పొద్దున్నే సత్యవేణి అనే ఇల్లాలు అతన్ని పిలిపించింది. వాళ్ళత్తగారు వరహాలమ్మకి మతిమరుపు. తన గదిని గోధుమరంగు గోడల్ని బట్టే గుర్తుపట్టేది. ఆవిడ ఆసుపత్రిలో ఉండగా వానకి ఆ గోడలు పెచ్చులూడిపోయాయి.

"మధ్యాహ్నానికి వచ్చేస్తారు. మళ్ళీ అదే రంగు పడాలి. గది తనది కాదనుకుంటే వీధిన పడి వెళ్ళిపోతారు. కిందటిసారి రైలుపట్టాల పక్కన దొరికారు నూకరాజూ" అంది.

నూకరాజు గబగబా సామాను దించాడు. అతని దగ్గర రెండు డబ్బాలున్నాయి. ఒకటి కొత్తబెల్లం రంగు, రెండోది పాతబెల్లం రంగు. పక్కపక్కన పెడితే గానీ తేడా తెలీదు.

అప్పుడు కొత్తబెల్లం రంగు అరచేతి మేర పూశాడు. పాత గోడతో ఇట్టే కలిసిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. తీరా ఆరేసరికి వెలవెలబోయింది. తడి రంగు చూసి మురిసిపోకూడదని వాళ్ళ నాన్న చెవినిల్లు కట్టుకుని పోరేవాడు కదా, కంగారులో మర్చిపోయాడు వెర్రిమొహం.

ఆ తర్వాత పాతబెల్లం రంగు పూసి, ఆరేదాకా ఆగాడు. ముదురైపోయింది. ఆ తర్వాత రెండూ కలిపి పూశాడు. ఆరాక చూస్తే అచ్చు గుద్దినట్టు గోడ రంగే. అప్పటికే పదకొండు దాటింది.

ఇక మొదలుపెడదామని గోడకున్న పెళ్ళిఫోటో తీశాడు. దాని వెనక, వెలుతురు తగలక వెలిసిపోని రంగు ఉంది. అదేమో అచ్చం పాతబెల్లం. నూకరాజు కుంచె కింద పెట్టేశాడు. వెలిసిందీ, వెలవనిదీ రెండూ ఆ గోడ రంగులే. ఆవిడ దేన్ని గుర్తుపడుతుంది?

"అమ్మా, మీ అత్తగారికి ఏ సంగతులు గుర్తుంటాయి?" అని అడిగాడు.

"ఇందాక తిన్నది గుర్తుండదు. పెళ్ళినాటి మాటలు మాత్రం పొల్లు పోకుండా చెబుతారు. ఆ రంగు మా మామగారు పెళ్ళికని తన చేత్తో వేసిందే" అంది సత్యవేణి.

అప్పుడు నూకరాజు కలిపిన రంగు పక్కకి నెట్టి, పాతబెల్లం డబ్బా అందుకున్నాడు. భయపడుతూనే నాలుగు గోడలూ వేశాడు. గుమ్మం పక్క గోడ ఆరకముందే ఆటో వచ్చింది.

వరహాలమ్మ గుమ్మంలో ఆగిపోయింది. లోపలికి రాలేదు. వెనక్కి తిరిగి వీధి వైపు చూసింది. అప్పుడు ఆవిడ మెల్లిగా గోడ మీద చెయ్యి వేసింది. అరచేతికి రంగంటుకుంది.

"తడారకుండా ముట్టుకోవద్దని ఆయన చెబుతూనే ఉన్నారు" అని సిగ్గుపడి నవ్వింది. కొంగుకి చెయ్యి తుడుచుకుని, తిన్నగా వెళ్ళి తన మంచం మీద కూర్చుంది.

ఆ చేతిముద్ర మీద నూకరాజు మళ్ళీ రంగు వెయ్యలేదమ్మా.

కథ కంచికి, కుంచె సంచికి, మనం మంచానికి.