బతికున్నవాడికి కప్పిన దుప్పటి

యాకూబ్ అమ్మ కొడుకును గుర్తుపట్టడం మానేసి చాలాకాలమైంది. అన్నం పెట్టబోతే "ఎవరు బాబూ నువ్వు?" అని మర్యాదగా అడుగుతుంది. ఆమె అన్నకూ ఇదే మతిమరుపు జబ్బు, అల్జైమర్స్; దానితోనే పోయాడు. భయపడి యాకూబ్ రక్తపరీక్ష చేయించుకున్నాడు.

ఫలితం తెలిశాక గుట్ట మీద ఉండే తన గురువు బుర్హాన్ షా దగ్గరికి వెళ్లాడు. మంచు ఇంకా విడలేదు. తోటి శిష్యులు పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్నారు.

"ఆ జబ్బు వైపు లాగే జీన్ నాకు అమ్మ నుంచీ వచ్చింది, నాన్న నుంచీ వచ్చింది హజరత్."

"డాక్టరు ఏమన్నాడు?"

"ముప్పు బాగా ఎక్కువట. అయినా వచ్చి తీరుతుందని చెప్పలేమన్నాడు."

"నువ్వేమన్నావు?"

"షమీమ్‌తో కుదిరిన నిఖా వద్దని కబురు పంపాను. కారణం చెప్పలేదు. జపం కూడా మానేశాను. రేపు మరిచిపోయే పేరు ఇవాళ తలుచుకుని ఏం లాభం?"

బుర్హాన్ షా లోపలికి వెళ్లి ఉతికిన తెల్ల దుప్పటి తెచ్చాడు. శిష్యుణ్ణి చాప మీద పడుకోబెట్టి, పాదాల నుంచి తల దాకా కప్పాడు.

"ఇదేమిటి హజరత్?"

"నువ్వు వెళ్లిపోయావు కదా. మిగిలిన పని నేను చేస్తున్నా."

దుప్పటి లోపల అంతా తెలుపు. మంచులోకి మంచులా తేలిపోతున్నట్టుంది. పావురాల రెక్కల చప్పుడు ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగునుంచి వింటున్నట్టు వినిపించింది. తన పేరేమిటో కాసేపు అతనికే తట్టలేదు. భయం కూడా వేయలేదు. ఎవరో నవ్వారు. ఆ నవ్వులో షమీమ్ నవ్వు వినిపించింది. కాలిన రొట్టె వాసన మెల్లగా దుప్పటిలోకి వచ్చింది.

దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు.

"హజరత్, ఆకలేస్తోంది."

"పోయినవాడికి వేయదే," అంటూ గురువు రొట్టె తుంచి చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నానికి యాకూబ్ గుట్ట దిగి షమీమ్ ఇంటికి వెళ్లాడు. ఆమె కుట్టుమిషన్ దగ్గర ఉంది. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాడు. అమ్మ సంగతి, రక్తం సంగతి, ముప్పు సంగతి. ఇంకేం దాచలేదు.

షమీమ్ మిషన్ ఆపింది. తరవాత అడిగింది:

"ఇవాళ నేనెవరో తెలుసా?"

"తెలుసు."

"అయితే లోపలికొచ్చి కూర్చో."